విశ్వసనీయ వర్గాల వెనక ఎవరున్నారు?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడ్డ తెలుగువాళ్ల మాటల్లో ఈమధ్య ఒక కొత్త జాగ్రత్త కనిపిస్తోంది. ఊరి రాజకీయమో, పొలం తగాదానో, ఎన్నికల ఖర్చు లెక్కో ప్రస్తావనకు రాగానే అవతలి గొంతు తగ్గి, "ఇవన్నీ ఫోన్లో ఎందుకులే బావా, వాట్సాప్‌లో కాల్ చెయ్యి" అంటుంది. రాత్రి ఆంధ్రా మెస్సులో భోంచేస్తుంటే గోడ మీది టీవీలో వార్తలు మొదలవుతాయి. ఏం చెబుతున్నారో వినకముందే "ఆ ఛానెల్ ఎవరిదో తెలిసిందే కదన్నా, మార్చండి" అని ఎవరో ఒకరు అంటారు. మార్చిన ఛానెల్ గురించి పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అదే మాట అంటారు. ఇక ప్రభుత్వం సంగతి వస్తే "వాళ్లు తలచుకుంటే కానిదేముంది" అన్న ఒక్క ముక్కతో చర్చ ముగిసిపోతుంది.

ఈ మూడు మాటల్లోనూ ఉన్నది అపనమ్మకమే అయినా అది ఒకే రకం అపనమ్మకం కాదు. విలేకరి రాసింది తప్పైతే దాన్ని తప్పని నిరూపించే అవకాశం మరో విలేకరికి, పాఠకుడికి, కోర్టుకు ఉంటుంది, ఎందుకంటే ఆ రాత అందరి కళ్ల ముందూ ఉంది. నిఘా సంస్థ చేసింది తప్పైతే ఆ తప్పు జరిగిందన్న సంగతే బయటికి తెలియదు. ప్రభుత్వం దగ్గర ఉన్నది ఇంకో రకం బలం: ఏది రహస్యం, ఏది కాదు అని తేల్చే అధికారం దానిదే. ఈ తేడాను పట్టించుకోకుండా "అందరూ అంతే" అని మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే లాభపడేది ఈ ముగ్గురిలో ఎవరో గమనించాలి. నా అంచనాలో అది విలేకరి కాదు.

ముగ్గురూ కలిసి ఎలా తప్పు చేయగలరో చూడాలంటే బెంగళూరుకు బాగా దగ్గరి కథ ఒకటుంది. 1994 అక్టోబరులో తిరువనంతపురంలో మరియం రషీదా అనే మాల్దీవుల మహిళను వీసా గడువు విషయంలో పోలీసులు అరెస్టు చేశారు. కొద్ది వారాల్లో అది ఇస్రో రాకెట్ రహస్యాల అమ్మకం కేసుగా మారింది. క్రయోజెనిక్ ఇంజిన్ ప్రాజెక్టుకు నాయకత్వం వహిస్తున్న నంబి నారాయణన్‌ను నవంబరు 30న అరెస్టు చేశారు. నిందితుల్లో ఇద్దరు బెంగళూరువాసులు. వారిలో ఒకరైన కె. చంద్రశేఖర్ రష్యా అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్‌కు ఇక్కడ ప్రతినిధిగా ఉండేవారు, మరొకరు వ్యాపారి. కేరళ పోలీసులతో పాటు ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులూ వీరిని ప్రశ్నించారు.

ఆ కొన్ని వారాల్లో పత్రికల్లో వచ్చినవాటిలో చాలావాటికి ఆధారం పేరు చెప్పని అధికారుల మాటే. ఇంటరాగేషన్ గదిలో ఏం జరుగుతోందో చూసే వీలు విలేకరికి లేదు. నిందితులతో మాట్లాడే అవకాశం లేదు. చెప్పేవాడు ఒక్కడే, చెప్పేది అతనికి అనుకూలమైనదే. కానీ పొద్దున్న పత్రికలో అచ్చయ్యేసరికి ఒక అధికారి అనుమానం దేశం తెలుసుకున్న నిజంగా మారిపోయింది. ఆ అచ్చు చూసి రాజకీయ ఒత్తిడి పెరిగింది, ఆ ఒత్తిడి చూపి మరిన్ని అరెస్టులు సమర్థించుకున్నారు. చివరికి కేరళ ముఖ్యమంత్రి కరుణాకరన్ 1995 మార్చిలో గద్దె దిగడంలోనూ ఈ వ్యవహారం పాత్ర ఉంది. అధికారి మాటకు పత్రిక విలువ తెచ్చిపెట్టింది, పత్రిక రాతను అధికారి ఆధారంగా వాడుకున్నాడు. ఈ చక్రంలో స్వతంత్రంగా పరిశీలించిన మనిషి ఎక్కడా లేడు.

కేసు చేతికి వచ్చిన సీబీఐ, 1996లో ఆరోపణలకు ఆధారం లేదని తేల్చి ముగింపు నివేదిక ఇచ్చింది. పోలీసు, నిఘా అధికారుల లోపాలనూ అది ఎత్తిచూపింది. రాష్ట్రం మళ్లీ దర్యాప్తు చేయబోతే 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అరెస్టు అనవసరమనీ నంబి నారాయణన్‌కు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 14న. ఆ తీర్పు కోసం ఎదురుచూసిన చంద్రశేఖర్ రెండు రోజులకు బెంగళూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. తీర్పు వెలువడే వేళకు ఆయన స్పృహలో లేరు. బాధ్యులైన అధికారులపై చర్య కోసం జస్టిస్ డి.కె. జైన్ కమిటీని వేశారు, దాని ఆధారంగా సీబీఐ మళ్లీ కేసు పెట్టి 2024లో అభియోగపత్రం దాఖలు చేసింది. కమిటీ పరిధి అధికారుల వరకే. పత్రికలు అందులోకి రాలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాతైనా అధికారిని అడిగే దారి ఒకటి తెరుచుకుంది గానీ, ఆ అధికారి చెప్పిందల్లా అచ్చేసిన డెస్కును అడిగే దారి మాత్రం పాఠకుడి మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే ఆ మనసులో అపనమ్మకం పేరుకుంటుంది, అది న్యాయమే.

అయితే ఈ కథలో విలేకరుల తప్పు ఒక లక్షణం మాత్రమే, మూలం వేరే చోట ఉంది. నేరవార్తలు రాసే విలేకరికి సాయంత్రమయ్యేసరికి స్టేషన్ నుంచో, కమిషనర్ కార్యాలయం నుంచో ఒక ముక్క రావాలి. ఆ ముక్క ఇచ్చే అధికారిని ప్రశ్నిస్తే రేపటి ముక్క పోటీ పత్రికకు వెళుతుంది. నిఘా వార్తల్లో ఈ ఆధారపడటం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ కాగితం ఉండదు, రెండో సాక్షి ఉండడు. అంటే నిఘా సంస్థను తనిఖీ చేసే ఏర్పాటు లేనంత కాలం, దాని మీద ఆధారపడ్డ వార్త ఎంత నిజాయితీగా రాసినా తనిఖీ లేని వార్తే అవుతుంది.

ఆ ఏర్పాటు మన దగ్గర ఎందుకు లేదో అర్థం కావాలంటే నిఘా సంస్థల పుట్టుక చూడాలి. ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 డిసెంబరులో బ్రిటిష్ పాలకుల పరిపాలనా ఉత్తర్వుతో పుట్టింది. విదేశీ నిఘా చూసే 'రా' 1968లో ఏర్పడింది. ఈ రెండింటికీ విధులు, అధికారాలు, హద్దులు నిర్దేశించే ప్రత్యేక చట్టం ఈనాటికీ లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో ఎనిమిదో అంశంగా 'కేంద్ర ఇంటెలిజెన్స్, దర్యాప్తు సంస్థ' అన్న ప్రస్తావన ఉంది, అంతే. 1985లో వచ్చిన ఒక చట్టం వాటి ఉద్యోగులు సంఘాలు పెట్టుకోకూడదని, పత్రికలతో మాట్లాడకూడదని కట్టడి చేసింది గానీ సంస్థ ఏం చేయవచ్చో ఏం చేయకూడదో చెప్పలేదు. ఇంటెలిజెన్స్ బ్యూరోలోనే పనిచేసి రిటైరైన ఆర్.ఎన్. కులకర్ణి, ఆ సంస్థకు చట్టబద్ధత ఏమిటని అడుగుతూ కర్ణాటక హైకోర్టుకే వెళ్లారు. 2011లో మనీశ్ తివారీ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు సభ్యుడి బిల్లు చట్టం కాలేదు. సమాచార హక్కు చట్టం 24వ సెక్షను ఈ సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్న సమాచారాన్ని మాత్రమే ఆ మినహాయింపు నుంచి బయట ఉంచింది. బ్రిటన్ తన దేశీయ నిఘా సంస్థకు 1989లో చట్టం చేసింది, 1994లో పార్లమెంటు సభ్యుల పర్యవేక్షణ కమిటీని ఏర్పాటు చేసింది. మనం బ్రిటిష్‌వాళ్లు వదిలివెళ్లిన ఉత్తర్వును పట్టుకుని ఉన్నాం, వాళ్లు తమ ఇంట్లో దాన్ని ఎప్పుడో మార్చుకున్నారు.

ఫోన్ ట్యాపింగ్ విషయంలో పరిస్థితి కొంత మెరుగని చెప్పాలి, ఎందుకంటే అక్కడ చట్టం ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షను ప్రకారం ప్రజా అత్యవసర పరిస్థితిలో, లేదా ప్రజా భద్రత కోసం, దేశ సార్వభౌమత్వం వంటి నిర్దిష్ట కారణాలతో ప్రభుత్వం సందేశాలను అడ్డగించగలిగేది. వందేళ్లకు పైగా అది ఏ పద్ధతిలో జరగాలో నియమాలే లేవు. ఆ లోటు ఎంత ప్రమాదకరమో బెంగళూరు విధానసౌధ 1988లో చూసింది. నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణలు ముంచెత్తగా ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఆ ఏడాది ఆగస్టులో రాజీనామా చేశారు. ట్యాపింగ్ ఆరోపణతో ఒక ముఖ్యమంత్రి కుర్చీ వదిలిన సంగతి ఇప్పుడు చెబితే కుర్రాళ్లు నమ్మరు. అదే రాష్ట్రంలో 2019లో, కుమారస్వామి ప్రభుత్వం పడిపోయాక, మళ్లీ ట్యాపింగ్ ఆరోపణలు వచ్చాయి. కొత్త ముఖ్యమంత్రి యడియూరప్ప సీబీఐ దర్యాప్తుకు ఆదేశించారు. ఎవరూ ఏమీ వదులుకోవలసిన అవసరం రాలేదు.

1996 డిసెంబరు 18న, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణ గోప్యత జీవించే హక్కులో భాగమని చెప్పి, ఒక పద్ధతి నిర్దేశించింది. ఆదేశం హోంశాఖ కార్యదర్శి ఇవ్వాలి, అది రెండు నెలల వరకే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, ఒక సమీక్ష కమిటీ దాన్ని పరిశీలించాలి. 2007లో ఇది నిబంధనగా మారింది. 2023 టెలికాం చట్టం, 2024 డిసెంబరులో వచ్చిన నియమాలు దాదాపు ఈ చట్రాన్నే కొనసాగించాయి. కాగితం మీద ఇది గట్టి ఏర్పాటులాగే కనిపిస్తుంది.

కాగితం పక్కన పెట్టి లెక్క వేసి చూద్దాం. 2013లో సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర హోంశాఖ చెప్పిన ప్రకారం కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఫోన్ ట్యాపింగ్ ఆదేశాలు జారీ చేసేది. తొమ్మిది వేలనే తీసుకుంటే, ఆదివారాలూ పండగలూ లేకుండా రోజుకు 300. హోంశాఖ కార్యదర్శి వేరే పనేదీ ముట్టుకోకుండా రోజూ ఎనిమిది గంటలు ఈ ఫైళ్లే చూస్తే ఒక్కో మనిషి గోప్యతకు దక్కేది 96 సెకన్లు. సమీక్ష సంగతి అంతకన్నా అన్యాయం. క్యాబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ, టెలికాం శాఖ కార్యదర్శులతో కూడిన కమిటీ రెండు నెలలకోసారి సమావేశమవుతుంది. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు పరిశీలించడం వాస్తవంగా అయ్యే పని కాదని డేటా రక్షణపై వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదికలోనే రాసింది. ఆదేశమిచ్చేది అధికారి, సమీక్షించేదీ అధికారులే. జడ్జి ఎక్కడా లేడు. విన్నారన్న సంగతి విన్నవాళ్లకే తెలుసు కాబట్టి బాధితుడు కోర్టుకు వెళ్లే ప్రశ్నే రాదు. అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే జడ్జి అనుమతి కావాలి, అది ముగిశాక సాధారణంగా 90 రోజుల్లోగా ఆ మనిషికి చెప్పాలి. అయితే విదేశీ నిఘా పేరుతో అక్కడ రహస్యంగా ఎంత జరిగిందో 2013లో అక్కడి నిఘా సంస్థ కోసం పనిచేసిన స్నోడెన్ బయటపెట్టాడు, కనుక అమెరికాను ఆదర్శంగా నిలబెట్టనక్కర్లేదు. జడ్జి సంతకం, తర్వాత తెలియజేయడం అన్న ఆ రెండు అంశాలను మాత్రం తీసుకోవచ్చు.

నిబంధనల్లో మరో మెలిక ఉంది. విన్న సంభాషణలు, వాటి ఆదేశాలు అవసరం లేకపోతే ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నియమం. ఇది పౌరుడి మేలు కోరి పెట్టిందే, ఎవరి ఇంటి మాటలో ప్రభుత్వ అరల్లో శాశ్వతంగా ఉండిపోకూడదు కదా. కానీ అక్రమంగా విన్నప్పుడు ఆ రికార్డే ఏకైక సాక్ష్యం. తెలుగువాళ్లను ఇప్పుడు పట్టి కుదుపుతున్న కేసు అచ్చంగా ఇక్కడే నిలబడి ఉంది. మావోయిస్టుల కదలికలపై నిఘా కోసం ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో పరికరాలతో ప్రతిపక్ష నాయకులు, వ్యాపారులు తదితరుల ఫోన్లు విన్నారనీ, 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ పోలీసుల అభియోగం. నిందితుల జాబితాలో పోలీసు అధికారులతో పాటు ఒక టీవీ ఛానెల్‌కు చెందిన వ్యక్తీ ఉన్నారు. నిజానిజాలు కోర్టు తేల్చాల్సినవి. అయితే ఒకటి గమనించండి: ప్రభుత్వం మారకపోతే ఈ కేసు ఉండేదే కాదు. 2019లో కర్ణాటకలోనూ అంతే. మన దేశంలో నిఘా మీద జరిగే తనిఖీకి ప్రస్తుతం ఉన్న పేరు ఎన్నికల ఓటమి.

విధానసౌధకు కూతవేటు దూరంలోని శేషాద్రి రోడ్డులో ఇవాళ ఫ్రీడమ్ పార్కు ఉన్న స్థలం ఒకప్పుడు బెంగళూరు సెంట్రల్ జైలు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ ప్రకటించగానే ఇక్కడ అరెస్టైన అద్వానీ, వాజపేయిల గురించి అందరూ చెబుతారు. తెలుగువాళ్లు చెప్పుకోవాల్సిన పేరు స్నేహలతా రెడ్డి. నటి, మద్రాసు నాటకరంగంలో పనిచేసిన మనిషి, కవి పఠాభి సహచరి. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌తో స్నేహం కారణంగా 1976 మేలో, ఎమర్జెన్సీకి వ్యతిరేకంగా పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసు పేరుతో ఆమెను పట్టుకెళ్లి ఈ జైల్లో ఎనిమిది నెలలు ఉంచారు. తుది అభియోగపత్రంలో ఆమె పేరే లేదు. తీవ్రమైన ఉబ్బసంతో బాధపడుతున్న ఆమెను 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. ఐదు రోజులకు, జనవరి 20న చనిపోయారు. ఆ నెలలన్నిటా దేశంలో పత్రికలపై ముందస్తు సెన్సార్‌షిప్ ఉంది. నగరం నడిబొడ్డున ఒక ప్రసిద్ధ నటి ఊపిరందక అల్లాడుతోందన్నది ఆ రోడ్డు మీద రోజూ తిరిగే జనానికి పొద్దున్న పత్రికలో దొరికే వార్త కాదు. పత్రికలన్నీ అబద్ధాలకోరులే, ఉంటే ఎంత పోతే ఎంత అనేవాళ్లకు ఇది నా జవాబు. పత్రిక తప్పు రాస్తే చంద్రశేఖర్‌కు జరిగింది జరుగుతుంది, పత్రిక రాయలేకపోతే స్నేహలతకు జరిగింది జరుగుతుంది. రెండోదానికి తర్వాత విచారణ జరగాలన్నా ముందు ఎవరో ఒకరు రాయాలి.

అలాగని పత్రికల గౌరవం నిలబెట్టే పని నాది కాదు, వాళ్లు దాన్ని తమ చేతులతోనే పోగొట్టుకున్నారు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా అచ్చేసిన పెయిడ్ న్యూస్ వ్యవహారాన్ని మొదట ఎత్తిచూపినవాళ్లలో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ఉంది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలవబోతున్నట్లు రాసిన వార్తలు, వేర్వేరు పత్రికల్లో వేర్వేరు పేర్లతో అక్షరం పొల్లుపోకుండా అచ్చైన ఒకే కథనం వంటివి వాళ్లు పేర్లతో సహా రాసి ఇచ్చారు. 2010లో ప్రెస్ కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను పక్కనబెట్టి కుదించిన నివేదిక విడుదల చేసింది. మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అసలు నివేదిక అధికారికంగా బయటికి రాలేదు. ప్రభుత్వ రహస్యాల మీద సంపాదకీయాలు రాసే వృత్తి, తన సంగతి వచ్చేసరికి చేసిన పని ఇది. యజమాని ఏ పార్టీ వైపో తెలిసిన తర్వాత వార్త చదివే అలవాటు తెలుగు పాఠకుడికి గాలిలోంచి రాలేదు.

రాడియా టేపుల వ్యవహారంలో ఈ మూడు అపనమ్మకాలూ ఒకదానికొకటి ఎలా అల్లుకున్నాయో స్పష్టంగా కనిపిస్తుంది. ఆదాయపు పన్ను శాఖ హోంశాఖ అనుమతితో 2008, 2009 సంవత్సరాల్లో లాబీయిస్టు నీరా రాడియా ఫోన్లను విన్నది. 2010 నవంబరులో రెండు వారపత్రికలు ఆ టేపుల్లో కొన్నిటిని ప్రచురించాయి. మంత్రి పదవుల బేరాల్లో ఢిల్లీ జర్నలిస్టుల గొంతులు వినబడ్డాయి. మిగతా పెద్ద మీడియాలో ఎక్కువ భాగం కొన్ని రోజులు ఆ మాటే ఎత్తలేదు. దీని నుంచి జనం తీసుకున్న పాఠం జర్నలిస్టులు దళారులని. అది సగమే. ఆ సంగతి మనకు చెప్పింది కూడా జర్నలిస్టులే. పన్ను ఎగవేత దర్యాప్తు కోసమని విన్న సంభాషణలు, అందులో దర్యాప్తుతో సంబంధం లేని సొంత మాటలతో సహా, వీధిన పడ్డాయి. రతన్ టాటా సుప్రీంకోర్టుకు వెళ్లింది ఆ లీకు గురించే. ట్యాపింగ్ సక్రమమే అయినా తర్వాత ఆ టేపు ఎవరి చేతిలో ఆయుధమవుతుందో ఎవరికీ హామీ లేదని ఆ కేసు చూపింది.

ఇక రహస్యం అన్న మాట ప్రభుత్వం చేతిలో ఎలా పనిచేస్తుందో రెండు కేసులు చాలు. 2021 జులైలో పెగసస్ కథనాలు వచ్చాయి. ఇజ్రాయెల్ సంస్థ తయారుచేసిన ఈ స్పైవేర్ ఫోన్లోకి దూరితే వాట్సాప్ కాలైనా, సిగ్నల్ సందేశమైనా ఒకటే. కెమెరా, మైకు కూడా దాని అధీనంలోకి వెళ్తాయి. లక్ష్యాలుగా ఎంచుకున్నారని భావించిన భారతీయ నంబర్లలో సుమారు 40 జర్నలిస్టులవి. ప్రభుత్వం కొన్నదా లేదా అన్న సూటి ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పలేదు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన కృష్ణా జిల్లావారైన ఎన్.వి. రమణ ధర్మాసనం ఆ అక్టోబరు 27న, దేశ భద్రత పేరెత్తినంత మాత్రాన ప్రభుత్వానికి ప్రతిసారీ మినహాయింపు దొరకదని చెప్పి నిపుణుల కమిటీని వేసింది. 2022 ఆగస్టులో తేలిందేమంటే, పరిశీలించిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగసస్సేనని నిర్ధారణ కాలేదు, కేంద్రం కమిటీకి సహకరించలేదు. నిజమని తేలలేదు, అబద్ధమనీ తేలలేదు. వాట్సాప్‌లో మాట్లాడితే ఫరవాలేదనుకునే మన బావగారి నమ్మకానికీ, అన్నీ వింటున్నారనే పక్కింటాయన భయానికీ సమానమైన ఆధారమే మిగిలింది. తెలుసుకునే దారి మూసేస్తే అనుమానం పెరుగుతుంది తప్ప తగ్గదు.

రెండోది మీడియావన్ అనే మలయాళ ఛానెల్ కేసు. ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదికల ఆధారంగా హోంశాఖ భద్రతా అనుమతి నిరాకరించడంతో 2022 జనవరిలో దాని లైసెన్సు పునరుద్ధరణ ఆగిపోయింది. కారణమేమిటో ఛానెల్‌కు చెప్పలేదు, సీల్డ్ కవరులో జడ్జీలకు మాత్రం ఇచ్చారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేస్తూ కవరులో ఉన్నదేమిటో కూడా వివరించింది. పౌరసత్వ సవరణ చట్టం, యూఏపీఏ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) వంటి వాటిపై ఆ ఛానెల్ చేసిన విమర్శ అందులో ఒక ఆధారం. అందరూ టీవీలో చూసిన కార్యక్రమాలు దేశ రహస్యంగా మారి కవరులోకి ఎక్కాయి. కవరు విప్పకపోతే, "నిఘా వర్గాలకు పక్కా సమాచారం ఉంది" అని నమ్మేవాళ్లు నమ్మేవారు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తీర్పిచ్చిన కేసు బెంగళూరులో స్థిరపడిన రిటైర్డు హైకోర్టు జడ్జి కె.ఎస్. పుట్టస్వామి పేరు మీద ఉంది. ఎనభయ్యారేళ్ల వయసులో ఆయన కోర్టుకెక్కారు. ప్రభుత్వం ఆ హక్కులోకి చొరబడాలంటే చట్టం ఉండాలి, సరైన ఉద్దేశం ఉండాలి, చొరబాటు అవసరానికి మించకూడదు అన్నది ఆ తీర్పు పెట్టిన పరీక్ష. 96 సెకన్ల పరిశీలన ఆ మూడో షరతును ఎలా దాటుతుందో నాకు అర్థం కాదు. పైగా టెలిగ్రాఫ్ చట్టంలో ఒక రక్షణ ఉండేది, కొత్త టెలికాం చట్టంలోనూ ఉంచారు: అచ్చు కోసం పంపే విలేకరుల సందేశాలను అడ్డగించకూడదని. అయితే అది ప్రభుత్వ అక్రెడిటేషన్ ఉన్న విలేకరులకే వర్తిస్తుంది. ప్రభుత్వం కార్డు ఇచ్చినవాళ్లనే ప్రభుత్వం వినకూడదు. యూట్యూబులో మండల స్థాయి అవినీతి బయటపెట్టే కుర్రాడికి ఆ రక్షణ లేదు.

కాబట్టి పాఠకుడిగా నేను ఈ మూడు అపనమ్మకాలకు వేర్వేరు కొలతలు పెట్టుకున్నాను. విశ్వసనీయ వర్గాల వార్త కనబడితే అందులో కాగితం ఏదైనా ఉందా, ఆరోపణకు గురైనవాళ్లను అడిగారా, తర్వాత తప్పని తేలితే ఆ సంగతి ఏ పేజీలో ఎంత అక్షరాల్లో వేశారు అని చూస్తాను. ఈ మూడో దాన్ని బట్టి ఒక పత్రిక గురించి యజమాని పార్టీ చెప్పేదానికంటే ఎక్కువే తెలుస్తుంది. నిఘా సంస్థ విషయంలో మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్న చర్చే అనవసరం. ఉగ్రవాద దాడులు ఆపాలంటే రహస్యంగా వినక తప్పదు, ఆ పని చేసేవాళ్లలో నిజాయితీపరులే ఎక్కువ అయి ఉండవచ్చు. వాళ్లు తప్పు చేసిన రోజున అది ఎవరి కంట పడుతుందన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు కనీస జవాబు పెద్ద సంస్కరణతో మొదలుకానక్కర్లేదు. బ్రిటన్‌లో పర్యవేక్షణ కమిషనరు, అమెరికాలో కోర్టుల పరిపాలనా కార్యాలయం ఏటా ఎన్ని నిఘా ఆదేశాలు జారీ అయ్యాయో ప్రచురిస్తాయి. దానివల్ల ఏ గూఢచారి పేరూ బయటపడలేదు. మన దగ్గర 2013 తర్వాత అలాంటి అంకెల కోసం అడిగినవాళ్లకు, అటువంటి గణాంకాలు తాము నిర్వహించడం లేదని కేంద్ర హోంశాఖ జవాబిచ్చింది. ట్యాపింగ్ ఆదేశాలపై రాష్ట్రాల్లో సంతకం చేసేది రాష్ట్ర హోంశాఖ కార్యదర్శే. గత ఏడాది ఎన్ని ఆదేశాలిచ్చారు, సమీక్ష కమిటీ అందులో ఎన్నిటిని తప్పుపట్టింది అన్న రెండు అంకెలను బెంగళూరులోనో హైదరాబాదులోనో అమరావతిలోనో చెన్నైలోనో ఏ ఎమ్మెల్యే అయినా సభలో అడగవచ్చు. ప్రతిపక్షంలో ఉండగా ట్యాపింగ్ మీద గొంతు చించుకోని పార్టీ ఈ రాష్ట్రాల్లో దాదాపు లేదు గనుక, ఎవరు అధికారంలో ఉన్నా జవాబు చెప్పవలసింది ఒకప్పుడు అదే ప్రశ్న వేసినవాళ్లే.